ఓడినోళ్ళ బువ్వ

మా ఊరికి శాంతి ఒక మంగళవారం పొద్దున తెల్ల జీపులో వచ్చింది. అప్పటిదాకా మా దగ్గర అది లేదన్న సంగతి మాకూ తెలియదు.

జీపు తలుపు మీద పావురం బొమ్మ ఉంది. దాని రెక్క కింద బంతి, ముక్కున పుస్తకం, మెడలో స్టెతస్కోపు, నెత్తిమీద మొక్క. ఆటలు, చదువు, ఆరోగ్యం, ప్రకృతి పరిరక్షణ అనే నాలుగు దారుల్లో శాంతి సాధించడం ఆ సంస్థ ఆశయం కనుక బొమ్మ వేసినవాడు దేన్నీ వదల్లేదు. ఇంత సామాను మోస్తూ ఆ పక్షి ఎలా ఎగురుతుందా అనిపించింది గాని, గుమ్మంలోకి వచ్చినవాళ్ళను అడిగే ప్రశ్న కాదని ఊరుకున్నాను. బొమ్మ కింద 'సర్వసమ శాంతి సంస్థ' అని రాసి ఉంది.

జీపులోంచి దిగిన పెద్దమనిషి పేరు చిత్రభాను. ఆ సంస్థకు ప్రాంతీయ శాంతి సంచాలకులు. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై సొంతూళ్ళో ఉంటున్నవాణ్ణి కాబట్టి, చదువుకున్నవాడి ఇల్లు ఏదంటే మా ఇల్లు చూపించారట. మంచినీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు తనే తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి కడిగి బోర్లించారు. మా ఆవిడ సుభద్ర పోయాక గ్లాసులు కడిగే పని నాదే. ఒక గ్లాసు తగ్గించినవాడి మీద నాకు వెంటనే గౌరవం పుడుతుంది. ఆ గౌరవమే తర్వాత కొంప ముంచింది.

ఆయన సంచిలోంచి ఒక పేపరు కటింగు తీశారు. అందులో మా కుర్రాళ్ళంతా కలిసి వంపులపాడు పోలేశును నేలకేసి అదిమి పట్టిన ఫోటో ఉంది. పోలేశు నోటినిండా మట్టి. పైన 'తలపడిన తూమువారిపాలెం, వంపులపాడు' అని పెద్దక్షరాలు.

"ఇది మీ ఊరేనా?" అన్నారు, ఆసుపత్రిలో పలకరించే గొంతుతో.

"మా ఊరేనండి. ఆ మోకాలు మా రాఘవులుది."

"ప్రాణనష్టం?"

"పోలేశు మోచెయ్యి దోక్కుపోయింది."

"సంఘర్షణకు మూలకారణం?"

"చెడుగుడండి."

"అంటే, క్రీడారంగంలో పాతుకుపోయిన వైరం!" అని ఆయన కళ్ళు మూసుకున్నారు. "మాస్టారూ, మేము వెతుకుతున్నది మీలాంటి ప్రాంతాన్నే."

ఆ వైరమేమిటో ఇక్కడ చెప్పాలి. మా తూమువారిపాలేనికీ కాలవ అవతలి వంపులపాడుకూ ఏటా చెడుగుడు పోటీ. మినుము నూర్పిళ్ళు అయ్యాక ఆ కళ్ళంలోనే గీతలు గీస్తారు. పోటీ ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు గాని, ఎలా ముగుస్తుందో అందరికీ తెలుసు. ఓడిన ఊరు వండాలి. గెలిచిన ఊరు వెళ్ళి తినాలి. దాన్నే ఓడినోళ్ళ బువ్వ అంటాం. ఓడిన జట్టు నాయకుడు గరిటె పట్టుకుని, తనను పట్టినవాడికి మొదట వడ్డించాలి. వడ్డిస్తూ ఎన్ని మాటలైనా అనొచ్చు, తినేవాడు మాత్రం బదులు చెప్పకూడదు. గెలిచిన జట్టు నాయకుడు లేచేదాకా బంతిలో ఎవరూ లేవకూడదు. ఏడాది పొడుగునా రెండూళ్ళ మధ్య వచ్చే పేచీలు, నీళ్ళ వంతు దగ్గరో, చేలో పడిన గేదె దగ్గరో, పెళ్ళిలో తగ్గిన మర్యాద దగ్గరో, 'బువ్వ కాడ చూసుకుందాం లే' అని వాయిదా పడతాయి. బువ్వ దగ్గర ఇద్దరి నోళ్ళలోనూ ముద్ద ఉంటుంది. అది మింగేలోపు అనదలచుకున్న మాట సగం మర్చిపోతారు.

ఇందులో నా స్వార్థం కూడా ఒకటుంది. మా ఆవిడది వంపులపాడు. ఆమె అక్క శేషారత్నం, నాకు వదిన, అదే ఊళ్ళో మేనబావను చేసుకుని అక్కడే ఉంది. చింతచిగురూ ఎండురొయ్యలూ కలిపి ఇగరేస్తే, పొట్టు తియ్యని వెల్లుల్లి దంచి చివర్లో వేసే పద్ధతి ఆ అక్కచెల్లెళ్ళకు వాళ్ళమ్మ నేర్పింది. సుభద్ర పోయాక ఆ రుచి ఈ భూమ్మీద వదిన చేతిలోనే మిగిలింది. వెళ్ళి అడగొచ్చు. కానీ ఇల్లాలు లేనివాడు పిలవకుండా వెళ్ళి అరుగు మీద కూర్చుంటే, పాపం తిండికి వచ్చాడనుకుంటారు. బువ్వకైతే తలెత్తుకుని వెళ్ళొచ్చు. వరసగా రెండేళ్ళు మా ఊరే ఓడడంతో ఆమే వచ్చి మా ఊళ్ళో తిని వెళ్ళింది. ఈ ఏడు పోలేశు మోకాలి నొప్పితో ఉన్నాడని తెలిసి నేను లోలోపల సంతోషించాను. శాంతి సంస్థకు ఈ సంగతి చెప్పలేదు.

ఆ సాయంత్రం కళ్ళంలో సభ పెట్టారు. రెండూళ్ళ జనమూ వచ్చారు, జీపు చూడ్డానికి.

"మిత్రులారా, హింస ఎక్కడ పుడుతుంది?" అని అడిగారు చిత్రభాను. "ఓటమిలో పుడుతుంది! ఓడినవాడు ఉన్నంతకాలం శాంతి ఉండదు. అందుకే మా సంస్థ శూన్య పరాజయ విధానాన్ని రూపొందించింది. ఇకనుంచి ఈ పోటీలో ఎవరూ ఓడరు. ఫలితం ఎప్పుడూ సమం."

"మరి ఎవరు వండాలండి?" అంది మా వదిన, ఆడవాళ్ళ మధ్యలోంచి.

"భోజన విషయాలు చర్చానంతరం, అమ్మా" అన్నారాయన. అదొక్కటే పనికొచ్చే ప్రశ్న అని అప్పుడు నాకూ తట్టలేదు.

సమం సరిగ్గా జరుగుతోందో లేదో చూడ్డానికి ఒక సమఫల పరిశీలకుడు కావాలన్నారు. అందరూ నా వైపు చూశారు. టోపీ, పావురం బొమ్మ ఉన్న గొడుగు, గీత పక్కనే కుర్చీ ఇస్తారట. ఈమధ్య నాకు దూరం సరిగ్గా ఆనడం లేదు. గీత పక్కన కుర్చీ అనేసరికి ఒప్పుకున్నాను.

పోటీ రోజుకు సంస్థ నాలుగు విభాగాలూ దిగాయి. ఆటల విభాగం సంచాలకుల చేతిలోనే ఉంది.

మొదట ఆరోగ్య విభాగం. ఊపిరి బిగబట్టి కూతకు వెళ్ళడం గుండెకు ప్రమాదమని తేల్చారు. కనుక కూతకు వెళ్ళినవాడు హాయిగా గాలి పీల్చుకోవచ్చు. తర్వాత విద్యా విభాగం. చెడుగుడు చెడుగుడు అని అరవడంలో జ్ఞానాభివృద్ధి లేదు కాబట్టి ఎక్కాలు చదవాలి. ఆఖర్న పరిరక్షణ విభాగం. కళ్ళం మూల తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. అది ఏటా పెడుతుంది, మేం ఏటా గీతలు కాస్త జరుపుకుని ఆడతాం. పిట్ట మా ఆట చూడ్డానికి అలవాటు పడింది. కానీ పిట్ట మానసిక స్థితి దృష్ట్యా ఈల ఊదకూడదన్నారు. అంపైరు జోజప్ప, మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు, మెళ్ళో ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేతులూపుతూ తిరిగాడు గాని ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి కూత పోలేశుది. ఒకటో ఎక్కం, రెండో ఎక్కం గడగడా చదువుతూ మా కోర్టులో తిరిగాడు. ఊపిరి పీల్చుకోవచ్చు కాబట్టి వెనక్కి వెళ్ళాల్సిన తొందరేమీ లేదు. ఏడో ఎక్కంలో ఆగిపోయాడు.

"ఏడేళ్ళు..." అని పోలేశు మా రాఘవులు ఎదుటే నిలబడి తల గోక్కున్నాడు.

"నలభై తొమ్మిది రా" అన్నాడు రాఘవులు. "ఎంతసేపు? ఎండ మండిపోతా ఉంది."

"నువ్వాగు, నాకు తెలుసు. నలభై తొమ్మిది. ఏడెనిమిదులు..."

"చూశారా?" అన్నారు చిత్రభాను నా చెవిలో, ఆనందంతో. "ప్రత్యర్థుల మధ్య విద్యాసంభాషణ!"

ఎట్టకేలకు పోలేశు ముగ్గురిని తాకి వెనక్కి వెళ్ళాడు. మా వాళ్ళు ముగ్గురు బయటికి నడిచారు. అప్పుడు సంచాలకులు నా వైపు చూశారు. ఒకవైపు ముగ్గురు తగ్గితే రెండో వైపు కూడా ముగ్గురు తమంతట తాము వెళ్ళిపోవాలి, అది నియమం. నేను గొడుగెత్తాను. వంపులపాడు వాళ్ళు ముగ్గురు గొణుక్కుంటూ బయటికి వచ్చారు. బయట ఉన్నవాళ్ళను మళ్ళీ లోపలికి పిలవడం లోపలున్నవాళ్ళకు అవమానమని అదీ రద్దు చేశారు. తర్వాత రాఘవులు పదమూడో ఎక్కంతో వెళ్ళి ఇద్దరిని తాకాడు. నేను గొడుగెత్తాను. మా వాళ్ళు ఇద్దరు పోయారు. ఆ లెక్కన కాసేపటికి అటొకడు, ఇటొకడు మిగిలారు. పోలేశు రాఘవులును తాకాడు. రాఘవులు బయటికి పోయాడు. నేను గొడుగెత్తాను. పోలేశు నన్నొక చూపు చూసి తనూ బయటికి పోయాడు.

రెండు కోర్టులూ ఖాళీ. మధ్యన సున్నపు గీత, మూల పిట్ట. గాలికి మినప పొట్టు లేచి గీత మీద పడుతోంది. జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు.

చిత్రభాను గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇదీ శాంతి అంటే!" అని చప్పట్లు కొట్టారు. ఆ ఖాళీ కోర్టును నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయించి కేంద్ర కార్యాలయానికి పంపారు.

ఆ పూట రెండూళ్ళలోనూ పొయ్యి వెలగలేదు. మేం గెలిచామని మేం, వాళ్ళు గెలిచారని వాళ్ళు. ఎవరో ఒకరు ఓడారు కదా, పిలుపు వస్తుందని రెండు ఊళ్ళూ స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని అరుగుల మీద కూర్చున్నాయి. నేను కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. కడుపులు మాడాక జనం కాలవ గట్టుకు చేరారు.

"ఏందయ్యా, ఇంకా ఎసరు పెట్టలేదా?" అని కేకేశాడు రాఘవులు ఇవతల గట్టు నుంచి.

"మేమెందుకు పెడతాం? ముందు ఖాళీ అయింది మీ కోర్టు" అన్నాడు పోలేశు అవతల నుంచి.

"ఎక్కాలు రానోడివి నువ్వా గెలిచేది?"

"ఎక్కం అందించినోడివి నువ్వు. బుద్ధి ఉన్నోడెవడన్నా అందిస్తాడా?"

మాటలు అక్కడితో ఆగలేదు. ఒకరి తాతలు ఇంకొకరి తాతలకు పెట్టని కూరల దాకా పోయాయి. చివరికి రెండూళ్ళూ పచ్చడన్నం తిని పడుకున్నాయి.

మర్నాటి నుంచి వింతలు మొదలయ్యాయి. మా పాలు వంపులపాడు పాలకేంద్రంలో నీళ్ళుగా తేలాయి. వాళ్ళ వడ్లు తీసుకొస్తే మా ఊరి మిల్లులో కరెంటు పోయింది. మా వాళ్ళు క్షవరానికి వెళితే అక్కడ కత్తెర సానకు వెళ్ళింది. గేదె గట్టు దాటినా, తూము దగ్గర నీళ్ళు మళ్ళినా 'బువ్వ కాడ చూసుకుందాం' అనే వీల్లేదు. బువ్వే లేదు. అప్పటిదాకా వాయిదా పడ్డ తగాదాలన్నీ ఒక్కసారి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాయి.

భయపడుతూ చిత్రభాను గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన లేచి నన్ను కౌగిలించుకున్నారు.

"మాస్టారూ! అంతర్లీన సంఘర్షణ బహిర్గతమైంది!"

"మీరు రాకముందు లేదండి ఇది."

"ఉండేది. మీకు కనిపించలేదు. మందు పడ్డాకే కదా జ్వరం బయటికి వచ్చేది." పక్కనున్న ఆరోగ్య విభాగం డాక్టరు గారు ఈ మాటకు తలూపబోయి, మధ్యలో ఎందుకో ఆగారు.

వారంలోపే మా రెండూళ్ళూ 'తీవ్ర సంఘర్షణ ప్రాంతం'గా ప్రమోషన్ పొందాయి. ఒక జీపు రెండు జీపులైంది. కాలవ గట్టున శిబిరం లేచింది. తాడులాగుడు పోటీ పెట్టి, తాడు నడిమి ముడి కదిలితే నేరమన్నారు. రెండు జట్లూ తాడు పట్టుకుని పూటంతా ఎండలో నిలబడ్డాయి. ముడి కదల్లేదు. చిత్రభాను గారు చప్పట్లు కొట్టారు. బడిలో పిల్లలందరికీ సమానంగా సగం మార్కులు వేశారు. సున్నా వచ్చేవాడు ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. బాగా చదివే పిల్ల అన్నం మానేసింది. ఆరోగ్య శిబిరంలో రక్తపోటు చూశారు. వంపులపాడు వాళ్ళకు ఎక్కువ, మా వాళ్ళకు తక్కువ. రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గా ఉందని ఎవరికీ మాత్రలు ఇవ్వలేదు. పరిరక్షణ విభాగం వాళ్ళు శాంతివనమని మొక్కలు నాటారు. వాటిని రెండూళ్ళ మేకలూ కలిసి తిన్నాయి. ఆ నెలలో రెండూళ్ళూ కలిసి చేసిన పని అదొక్కటే.

ఇక కేంద్ర కార్యాలయం వాళ్ళు కెమెరాలతో వస్తున్నారని, వాళ్ళ ముందు 'మహా సమఫల పోటీ' జరగాలని ఉత్తర్వు వచ్చింది. వంపులపాడు జట్టు రానని మొండికేసింది. మాట్లాడి ఒప్పించమని నన్ను పంపారు. టోపీ పెట్టుకుని, గొడుగు పట్టుకుని కాలవ వంతెన దాటాను. దారిలో పలకరించేవాళ్ళు మొహం తిప్పుకున్నారు. ఒకావిడ మాత్రం ఎండలో వస్తున్నానని అరుగు మీద పిల్లిని లేపి చోటిచ్చింది. కూర్చోలేదు గాని, ఆ చోటు గుర్తుంది.

వదిన వాకిట్లో మంచం మీద చింతచిగురు పరిచి ఈనెలు ఏరుతోంది. నన్ను చూసి నవ్వలేదు.

"రండి పరిశీలకుడు గారూ. గొడుగు లోపలికి తేకండి, ఎత్తితే మా ఇంట్లో సగంమంది బయటికి పోవాల్సి వచ్చుద్ది."

"అట్లా అనకు వదినా."

"మరెట్లా అనాలి? చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఆ ఆట. గెలిచిన ఏడూ ఉంది, ఓడిన ఏడూ ఉంది. పస్తున్న ఏడు మాత్రం ఇదే." ఒక రెమ్మ తీసి నా ముందు పెట్టింది. "ఇది చూడండి. ఆకు మందమవుతా ఉంది. ఇంకో నాలుగు రోజులు పోతే ముదిరిపోద్ది. ముదురాకుతో చేస్తే అది చెల్లి చేసిన కూర కాదు."

నేను ఆ రెమ్మ పట్టుకున్నాను. అంచులు నిజంగానే ఎరుపు పోయి పచ్చబడ్డాయి.

"పంపించేదాన్నే" అంది, ఈసారి మెత్తగా. "గిన్నెలో పెట్టి మా మనవడి చేత పంపితే మీరు తింటారు. నాకు తెలుసు. కానీ అది బువ్వ కాదుగా, జాలి. మీరు జాలి కూడు తినరు, నేను పెట్టను."

కాసేపు ఇద్దరం ఈనెలు ఏరాం.

"ఓడటం అంత కష్టమా మరిదిగారూ?" అంది హఠాత్తుగా.

"కష్టం కాదు వదినా, నిషేధం. రెండు జట్లలోనూ ఎవరూ ఓడకూడదు."

"జట్టులో ఉన్నోళ్ళకు కదా?"

"అవును."

"సరే" అని చిగురంతా చేటలోకి ఎత్తింది. "మా వాళ్ళను ఆటకు నేను పంపిస్తా. మీరు వెళ్ళండి."

పోటీ రోజున కళ్ళం చుట్టూ కెమెరాలు. మొదటి పోటీ లాగే ఇదీ నడిచింది. ఈసారి పోలేశుకు పంతొమ్మిదో ఎక్కం దాకా వచ్చేసింది, పగతో నేర్చుకున్నాడు. రాఘవులు ఎవరికీ ఏమీ అందించలేదు. నేను గొడుగెత్తాను, దించాను, ఎత్తాను. చేయి నొప్పెట్టింది. కాసేపటికి రెండు కోర్టులూ ఖాళీ అయ్యాయి. చిత్రభాను గారు మైకు అందుకుని, "మిత్రులారా, ఈ చారిత్రక శూన్యాన్ని..." అని మొదలుపెట్టారు.

ఆడవాళ్ళలోంచి మా వదిన లేచింది. చీర కొంగు నడుముకు చుట్టి, ఖాళీగా ఉన్న వంపులపాడు కోర్టులోకి నడిచింది. గీత దగ్గర ఆగి గుండె నిండా గాలి పీల్చింది.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

అరవై దాటిన మనిషి. సన్నటి గొంతు. అలా అంటూ గీత దాటి మా కోర్టులోకి వచ్చింది. మా కోర్టులో పట్టేవాళ్ళెవరూ లేరు. నడిమధ్యకు వచ్చి నేల మీద చతికిలబడి, బుస్సుమని ఊపిరి వదిలేసింది.

"నా కూత తెగింది" అంది అందరికీ వినపడేలా. "అవతలి కోర్టులో కూత తెగితే అవుటు. వంపులపాడు ఓడిపోయింది. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చా. లేవండి."

మా వైపు నుంచి ఈలలు, కేకలు లేచాయి. జోజప్ప అయితే జేబులో ఈల తీసి ఊదేశాడు. పిట్ట ఏమీ అనుకోలేదు.

చిత్రభాను గారు మైకు వదిలి పరుగెత్తారు. "అమ్మా! అమ్మా! మీరు హాయిగా గాలి పీల్చుకోవచ్చు. ఆరోగ్య విభాగం అనుమతి ఉంది."

"పీల్చుకున్నానయ్యా. అందుకే ఓడిపోయా."

"ఇది ఏకపక్ష పరాజయం! సంస్థ మౌలిక సూత్రాలకే విరుద్ధం. మీరు ఓడడానికి వీల్లేదు."

"ఓడొద్దనడానికి నువ్వెవరు? పుట్టి బుద్ధెరిగాక ఈ ఊళ్ళో ఎవరూ అనని మాట." వదిన లేవలేదు. "ఇంట్లో చిగురు ఏరి పెట్టుకున్నా. మీ సూత్రం కోసం అది ఆగదు."

కెమెరాలు తిరుగుతున్నాయి. ఆయన ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూస్తే నాకు జాలేసింది. తాగిన గ్లాసు కడిగి పెట్టిన మనిషి.

"మాస్టారూ!" అన్నారు దీనంగా. "సమం చెయ్యండి. ఎలాగైనా సమం చెయ్యండి!"

నేను పరిశీలకుణ్ణి. ఒకవైపు ఒకరు తగ్గితే రెండో వైపు ఒకరు తగ్గాలి. మా కోర్టులో తగ్గడానికి ఎవరూ మిగల్లేదు. గొడుగు ముడిచి కుర్చీకి ఆనించాను. టోపీ తీసి దాని మీద పెట్టాను. తూమువారిపాలెం కోర్టులోంచి, వదిన పక్కగా, గీత వైపు నడిచాను.

"ఊపిరి జాగ్రత్త మాస్టారూ!" అని అరిచాడు రాఘవులు.

"చెడుగుడు" అన్నాను. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇదే గీత మీద ఈ మాట అన్నాను. అప్పుడు అవతల ఆడవాళ్ళలో కూర్చుని సుభద్ర నన్ను చూసి నవ్విందట, పెళ్ళయ్యాక చెప్పింది. గీత దాటాను. రెండో చెడుగుడు సగంలోనే దగ్గు వచ్చింది. ఓడటానికి నేను పెద్దగా కష్టపడలేదు.

"నా కూత కూడా తెగింది" అన్నాను దగ్గు ఆగాక. "తూమువారిపాలెం ఓడిపోయింది."

చిత్రభాను గారు రెండు చేతులూ పైకెత్తారు. "సమం! చూశారా, సమం!" కెమెరాల వైపు తిరిగి, "ఒకటికి ఒకటి! మా విధానం సంపూర్ణంగా విజయవంతమైంది!" అన్నారు.

"అవునయ్యా, సమమే" అంది వదిన లేచి చీర దులుపుకుంటూ. "ఇద్దరం ఓడాం. ఇక ఇద్దరం వండాలి."

పోలేశు కళ్ళు చిట్లించాడు. "ముందు ఓడింది మేము. ముందు మా ఊళ్ళోనే బువ్వ."

"అదేం కుదరదు" అన్నాడు రాఘవులు. "రెండేళ్ళ నుంచి ఓడుతున్నది మేము. ఓటమిలో మీకన్నా పెద్దోళ్ళం. ముందు మా ఊరికే రావాలి."

"రెండేళ్ళు ఓడితే గొప్పా? మా ఓటమిలో ముసలావిడ ఉంది."

"మా దాంట్లో మాస్టారున్నారు. దగ్గు కూడా వచ్చింది ఆయనకు!"

ఓటమి కోసం పుట్టిన ఈ కొత్త సంఘర్షణను చిత్రభాను గారు ఏ విభాగంలో చేర్చాలో తెలియక నోరు తెరిచి చూస్తున్నారు. చివరికి చింతచిగురే తీర్పు చెప్పింది. ముదిరిపోయేది అది కాబట్టి ముందు వంపులపాడులో, మర్నాడు మా ఊళ్ళో అని తేలింది.

ఆ పూట వంపులపాడు వీధిలో చాపలు పరిచారు. తూము నీళ్ళ మీద కాట్లాడుకున్న ఇద్దరు పెద్దలు పక్కపక్కన కూర్చున్నారు. చిత్రభాను గారిని రాఘవులుకూ, మా పాలను నీళ్ళన్న పాలకేంద్రం గుమాస్తాకూ మధ్య కూర్చోబెట్టారు. పోలేశు గరిటె పట్టుకుని వచ్చాడు.

"ఏం రాఘవులూ, నా కాలు పట్టుకున్నప్పుడు గట్టిగా పట్టావు, ఈ ముద్ద కూడా అట్లాగే పట్టు. జారిపోతే మీ ఊరి పరువు పోద్ది" అన్నాడు. రాఘవులు ఒక మాట అనబోయి, ఆచారం గుర్తొచ్చి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బంతంతా నవ్వింది. చిత్రభాను గారు కూడా నవ్వబోయారు, కానీ నోటినిండా అన్నం ఉంది. ఆయన మాట్లాడకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను. రొయ్య కారానికి ముక్కు తుడుచుకుని, ఆకు ముందుకు జరిపి మళ్ళీ వెయ్యమని సైగ చేశారు.

వదిన నా దగ్గరికి వచ్చి, అడక్కుండానే కూర వేసింది. ఆకు అంచు కాస్త ముదిరింది. వెల్లుల్లి మాత్రం పొట్టుతోనే ఉంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తలొంచుకుని మెల్లగా నమిలాను. ఎవరూ నన్ను మాట్లాడించలేదు. ఆ ఊళ్ళో ఆ మర్యాద ఉంది.

తినడం అయింది. మజ్జిగ కూడా అయింది. చేతులు ఎండిపోతున్నాయి. ఎవరూ లేవలేదు. చిత్రభాను గారు అటూ ఇటూ చూసి, నా వైపు వంగి అడిగారు.

"ఎందుకండీ అందరూ ఇంకా కూర్చున్నారు?"

"గెలిచిన జట్టు నాయకుడు లేచేదాకా లేవకూడదండి."

"గెలిచినవారు ఎవరు?"

ఆయన ప్రశ్నకు ఆయనే ఆలోచనలో పడ్డారు. బంతి మధ్య కబుర్లు మొదలయ్యాయి. గేదె సంగతి ఒకరు, మిల్లు కరెంటు సంగతి ఇంకొకరు, తూము దగ్గర వంతు సంగతి ఆ పెద్దలిద్దరూ ఎత్తారు, మెల్లగా. నాకు నడుము పట్టేసింది. చేయి కడుక్కుందామని నేల మీద ఆనుకుని లేవబోయాను.

మా వదిన గరిటెతో వెనక్కి వచ్చి నా ఆకులో ఇంకొంచెం వేసింది.

"కూర్చోండి మరిదిగారూ" అంది. "ఇంకా ఎవరూ గెలవలేదుగా."